బొగ్గుకు మూడో సర్టిఫికెట్

గెలిస్తే కుక్క పోతుంది. ఓడితే మిగులుతుంది. ఈ సంగతి ఆమెకు డాగ్ షో రింగులోకి వెళ్ళడానికి ఇరవై నిమిషాల ముందు తెలిసింది.

చెప్పినవాడు మరిది. వ్యాను నడిపి తీసుకొచ్చినవాడు ఊరికే ఉండలేక ఆమె ఫైలు తిరగేశాడు.

"వదినా, కుక్కనిచ్చినప్పుడు కెన్నెల్ ఓనరు రాయించుకున్న ఈ కాగితం చదివే సంతకం పెట్టావా?"

"సగం చదివా."

"పనికిరాని సగమే చదివినట్టున్నావ్. విను. కుక్కకు మూడేళ్ళు నిండేలోపు ఛాంపియనైతే అది కెన్నెల్‌కు తిరిగి వెళ్ళాలి, సంతానం కోసం. కాకపోతే పూర్తిగా నీదే. షోకి తేకుండా ఎగ్గొట్టినా ఓనరుదే."

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఈ గురువారంతో బొగ్గుకు మూడేళ్ళు. ఈలోగా మరో షో లేదు. షోల్లో గెలిచిన రెండు సర్టిఫికెట్లు ఇంట్లో గోడకు వేలాడుతున్నాయి. మూడోది వస్తే ఛాంపియన్.

వారానికి ఆరు రోజులు హోటల్ లాండ్రీలో నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఏడో రోజు ఈ కుక్కల షోలు. ఏడాది క్రితం ఆమెకు ఓనమాలు కూడా తెలియవు. నల్ల లాబ్రడార్‌ను నాలుగు కాళ్ళ మీద కదలకుండా నిలబెట్టడం, పెదవి ఎత్తి పళ్ళు చూపించడం, జడ్జికీ కుక్కకూ మధ్య అడ్డం రాకపోవడం, ఒక్కొక్కటీ తిట్లు తిని నేర్చుకుంది. కూర్చున్న కొమ్మను ఇంత శ్రద్ధగా నరుక్కున్నవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

"ఏమ్మా, సిద్ధమేనా?" కెన్నెల్ ఓనరు వచ్చాడు. అందరూ ఆయన్ని మీసాలాయన అంటారు. "ఇవాళ మనదే. బుధవారం మనిషిని పంపిస్తా, వాడి గిన్నె కూడా కట్టి ఇచ్చెయ్."

"గిన్నె కూడానా?" అన్నాడు మరిది. "గొలుసు మాకుంచుతారా, అదీ పట్టుకెళ్తారా?"



రింగులో ఆరు కుక్కలు. జడ్జి తెల్ల జుట్టు పెద్దావిడ. ఆవిడ బొగ్గు పళ్ళు చూసింది, వీపు నిమిరింది. "ఒక రౌండు" అంది.

ఆమె బొగ్గు పట్టీ పట్టుకుని నెమ్మదిగా నడిచింది. లాబ్రడార్‌ను మరీ నెమ్మదిగా నడిపిస్తే ఎడమవైపు రెండు కాళ్ళూ ఒకసారి, కుడివైపువి ఒకసారి వేస్తూ పడవలా ఊగుతుంది. జడ్జిలకు అది కంట్లో నలుసు. బొగ్గు అలాగే ఊగాడు. వాడు మాత్రం తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు, తనవల్ల తప్పేమైనా జరిగిందా అన్నట్టు.

"ఎందుకమ్మా అలా ఈడుస్తున్నావ్? ఇంకాస్త వేగంగా," అంది జడ్జి.

రెండోసారీ అంతే.

రింగు చుట్టూ కట్టిన తాడు అవతల నుంచి మీసాలాయన చెయ్యెత్తాడు. "అమ్మాయికి ఓపిక లేదు మేడమ్. నేను పట్టుకోవచ్చా?"

జడ్జి సరేనంది. చెయ్యి మారడం నియమానికి విరుద్ధం కాదు. పట్టీ ఆయన చేతికిచ్చి ఆమె తాడు దాటి బయటికొచ్చింది.

మీసాలాయన పరుగందుకున్నాడు. బొగ్గు వీపు బల్లలా నిలిచింది, కాళ్ళు నేల తాకీ తాకనట్టు సాగాయి. చుట్టూ మాటలు ఆగాయి. జడ్జి పెన్ను తీసింది.

"వదినా, ఒక్క కేక వెయ్యి. వాడు ఆగిపోతాడు."

"బయటినుంచి పిలిస్తే కుక్కను రింగులోంచి పంపేస్తారు."

"పంపేస్తే మనకే కదా మంచిది!"

నిజమే. ఆమె నోరు తెరిచింది. కానీ ఆ నడక ఆమె నేర్పింది. లాండ్రీ నుంచి వచ్చి, చెప్పులైనా మార్చుకోకుండా, అపార్ట్‌మెంట్ వెనక సందులో రోజూ అరగంట పరుగెత్తి నేర్పింది. అంత చక్కగా నడుస్తున్నవాణ్ణి చెడగొట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. నోరు మూసుకుంది.

పోతే పోనీ అనుకుంది. అనుకోగానే వారమంతా నిలబడ్డ అలసట ముంచుకొచ్చింది. ఉన్నచోటే గడ్డిమీద కూలబడి చెప్పులు విప్పింది.

ఇంట్లో రోజూ ఆమె చేసేది అదే. గుమ్మం లోపల నేలమీద కూర్చుని చెప్పులు విప్పుతుంది. బొగ్గు ఎక్కడున్నా వచ్చి ఆమె పాదాల మీద పడుకుంటాడు.

రింగు అవతలి అంచున బొగ్గు ఠక్కున ఆగాడు. సన్నటి పట్టీ మీసాలాయన వేళ్ళలోంచి జారిపోయింది. వాడు రింగుకు అడ్డంగా వచ్చి, తాడు కిందనుంచి దూరి, ఆమె పాదాల మీద బరువంతా వేసి వాలిపోయాడు.

మీసాలాయన లాగాడు, బతిమాలాడు, బిస్కెట్ చూపించాడు. బొగ్గు కళ్ళు కూడా తెరవలేదు.

జడ్జి రెండు నిమిషాలు ఆగింది. "రింగులో నిలబడని కుక్కకు నేనేం ఇవ్వగలను?" అంది. సర్టిఫికెట్ గోధుమరంగు కుక్కకు వెళ్ళింది.

"కావాలనే కూర్చున్నావ్!" మీసాలాయన మీసాలు వణికాయి.

ఆమె నిజంగానే ఆలోచించింది. "లేదండీ. ఓపిక లేక."

ఆయన పట్టీ ఆమె ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు.

"లే వదినా, ఇంటికెళ్దాం. ఎండ మాడ్చేస్తోంది."

"లేవలేను. కాళ్ళు తిమ్మిరెక్కాయి."

"వాణ్ణి జరపనా?"

"ఉండనీ," అంది ఆమె. "వ్యాను ఇక్కడికే తీసుకురా."