తువ్వాళ్ళ మీద నడక

అరబ్బు దేశం వచ్చి జల్లాఖ్‌లో ఒక ఇంట పనికి కుదిరిన కొద్ది రోజులకే వీరవేణి నడిగదిలో బకెట్టెడు నీళ్ళు దిమ్మరించింది. ఆ వేళ పెద్ద తివాచీని ఉతకడానికి పట్టుకెళ్ళారు. దాని కింద బయటపడింది బండలు కాదు, చెక్క నేల. ఏళ్ళ తరబడి పూసిన పాలిష్ మీద దుమ్ము పేరుకుని నల్లగా, జిగటగా ఉంది. మండపేటలో అరుగులు కడిగిన చెయ్యి కదా, కడిగేస్తే వదిలిపోతుందనుకుంది.

నీళ్ళు పలకల సందుల్లోకి దిగిపోతుంటే తప్పు చేశానని తెలిసింది. ఆ దేశంలోనే జుఫైర్‌లో హోటలు గదులు సర్దే తన ఊరమ్మాయి సాయికుమారికి ఫోను చేసింది.

"చెక్కకి నీళ్ళు పడవే వేణీ. ముందు పొడిగుడ్డలతో అద్దెయ్, ఫ్యానెయ్. ఆరాక గుడ్డ బాగా పిండి, చెక్క గీత ఎటుంటే అటే తుడువు," అంది సాయికుమారి, నవ్వు ఆపుకుంటూ.

వేణి పాత తువ్వాళ్ళన్నీ తెచ్చి పరిచింది. మోకాళ్ళ మీద కూర్చుని అద్దుతుంటే వెనక చేతికర్ర చప్పుడైంది. ఇంటావిడ మరియం తల్లి లతీఫా వచ్చి నిలబడింది. అందరూ ఆవిణ్ణి పెద్ద మామా అంటారు; అక్కడ మామా అంటే అమ్మ. భర్త పోయాక ఆవిడ తన గది దాటడమే తక్కువ. భోజనం కూడా అక్కడికే వెళ్ళేది.

వేణి తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో క్షమించమంది. పెద్ద మామా చూపంతా నేల మీదే ఉంది. అద్దిన చోట నలుపు వదిలి తేనె రంగు చెక్క కనిపిస్తోంది. ఆ పలకలు తన భర్తే బిగించాడనీ, కొత్త కాపురంలో తను పక్కన కూర్చుని మేకులు అందించిందనీ సగం మాటలతో, సగం సైగలతో చెప్పింది. చెబుతూనే చెప్పులు విడిచి, ఒక తువ్వాలు మీద నిలబడి, చేతికర్ర గోడకి ఆనించింది.

"చేతులతో ఎప్పటికయ్యేను? కాళ్ళతో చెయ్యి. నన్ను పట్టుకో," అంది.

ఇద్దరూ చేతులు పట్టుకుని, అడుగెత్తకుండా కాళ్ళు ఈడుస్తూ ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచారు. రెండో విడతకి పెద్ద మామా ఏదో పెళ్ళిపాట ఎత్తుకుంది. మాటలు తెలియకపోయినా వేణికి దరువు అందింది. అది అయిపోగానే తనకొచ్చిన ఊడ్పుల పాట అందుకుంది. ముసలావిడ నడుం కూడా కొంచెం ఊపింది.

తడి ఆరాక వేణి గుడ్డ పిండి, పలక వెంట పలక తుడుచుకుంటూ పోయింది. పెద్ద మామా కుర్చీలో కూర్చుని, వదిలేసిన మరకలన్నీ వేలెట్టి చూపించింది. ఒక్కటీ వదల్లేదు, మహా గడుసుది.

మధ్యాహ్నం బడిలో పాఠాలు చెప్పి వచ్చిన మరియం గుమ్మంలోనే ఆగిపోయింది. తల్లి మళ్ళీ లేచి, వేణి చెయ్యి పట్టుకుని, మెరిసే నేల మీద పొడి తువ్వాళ్ళతో ఆఖరి తుడుపు తుడుస్తూ గట్టిగా నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. మరియం సంచీ అక్కడే వదిలేసి, జోళ్ళు విడిచి, ఇంకో తువ్వాలు అడిగింది.

వంట సంగతి ఎవరికీ గుర్తు లేదు. రొట్టె, జున్ను, టమాటా ముక్కలు తెచ్చుకుని ముగ్గురూ ఆ చెక్క నేల మీదే కాళ్ళు బారజాపుకుని తిన్నారు. పెద్ద మామా రెండోసారి అడిగి మరీ వేయించుకుంది.