వచ్చిన దారికో బటన్

పదకొండేళ్ళలో ఆ అత్తగారూ అల్లుడూ నేరుగా మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే ఒక చీటీకి రెండువైపులా కూడా నిండవు. "బాగున్నారా", "ఆ, బాగున్నాం", "ప్రయాణం బాగా జరిగిందా", "బాగానే జరిగింది". మిగతాదంతా కూతురి మీదుగా నడిచేది. ఆవిడ వంటింట్లోంచి, "మీ ఆయన ఇంకాస్త వడ్డించుకుంటారేమో అడుగు" అనేది. అతను ముందుగదిలోంచి, "మీ అమ్మగారికి ఫ్యాను గాలి తగులుతోందో లేదో చూడు" అనేవాడు. ఇల్లు చిన్నది. ఎవరేమన్నా అందరికీ వినబడుతుంది. అయినా కూతురు ఆ మాట మళ్ళీ చెప్పేది. రెండోవాళ్ళు అప్పుడే విన్నట్టు జవాబిచ్చేవాళ్ళు.

ఒకరోజు ఆవిడ బస్సు దిగుతూ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆవిడ దర్జీ. ముప్ఫై ఏళ్ళుగా సొంత షాపు. కత్తెర పట్టే చెయ్యే పోయాక షాపులో కూర్చుని చేసేదేముందని తాళం వేసి, ఆరు వారాల కట్టుతో కూతురింటికి వచ్చింది. కూతురు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున ఏడింటికల్లా వెళ్ళిపోతుంది. ఇక ఇంట్లో మిగిలేది వాళ్ళిద్దరే.

అల్లుడిది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. అతని కంపెనీ వర్చువల్ టూర్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అమ్మకానికి ఉన్న ఇంట్లో ఫోటోగ్రాఫరు ప్రతి గది మధ్యా నిలబడి చుట్టూ ఫోటో తీస్తాడు. సాఫ్ట్‌వేర్ ఆ ఫోటోలన్నిటినీ ఒకదానికొకటి కలుపుతుంది. కొనాలనుకునేవాళ్ళు కుర్చీలోంచి లేవకుండా ఇల్లంతా తిరిగి చూసుకోవచ్చు. అదెలాగో చెప్పే పేజీలు రాయడం అల్లుడి పని. ఆ నెల అతని వంతుకి కీబోర్డు షార్ట్‌కట్ల పేజీ వచ్చింది. మౌస్ ముట్టకుండా ఒక చిత్రంలోంచి ఇంకో చిత్రంలోకి ఎలా వెళ్ళాలో అందులో రాయాలి. మొత్తం ఇరవై మూడు షార్ట్‌కట్లు. ఏ పేజీ అయినా సరే, దాని గురించి ఏమీ తెలియని మనిషి చేత ఒకసారి చేయించి చూడాలని కంపెనీలో నియమం. అతనికి అలాంటి మనిషి దొరకలేదు.

"అమ్మ ఉందిగా," అంది భార్య అన్నం తింటూ. "మౌస్ ఎలాగూ పట్టుకోలేదు. కంప్యూటరంటే ఏమీ తెలియదు. ఇంకేం కావాలి మీకు?"

"మీ అమ్మగారికి ఇబ్బందేమో కనుక్కో."

"అమ్మా, ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది. ఆయన పనికి అడ్డమేమో అడుగు," అంది పక్క కుర్చీలోంచి అత్తగారు.

మర్నాడు తొమ్మిదింటికి ఆవిడ తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. అతను పేజీ ప్రింటు తీసి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొదటి వాక్యం బయటికి చదివింది.

"చిత్రాల మధ్య నావిగేట్ చేయుటకు." ఆగింది. "నావిగేట్ అంటే ఏంటి అల్లుడుగారూ?"

కుశల ప్రశ్నలు తప్ప ఆవిడ అతన్ని నేరుగా ఇంకేదైనా అడగడం అదే మొదటిసారి. "అంటే... వెళ్ళడం, అత్తయ్యగారూ."

"మరి వెళ్ళడానికి అని రాయకూడదా?"

అతను పెన్ను తీసి దిద్దాడు.

తెర మీద ఉన్నది ఎవరిదో రెండంతస్తుల ఇల్లు. నలభై ఒక్క చిత్రాలు. బాణం గుర్తు బటన్లు నొక్కితే చూపు పక్కకి తిరుగుతుంది. ప్లస్ నొక్కితే దగ్గరవుతుంది. అవన్నీ ఆవిడకి పది నిమిషాల్లో వచ్చేశాయి. కిటికీ తెరల్ని దగ్గరికి లాక్కుని చూసి, "కుట్టు బాగాలేదు," అని తేల్చి, కాగితంలో తర్వాతి వరుసకి వెళ్ళింది. అక్కడ "ముందు చిత్రం: పేజ్ అప్" అని ఉంది. నొక్కింది. గేటు దగ్గర తేలింది.

"ముందుకి అన్నారు. వెనక్కొచ్చాను."

"ముందు అంటే ఇంతకుముందుది అని నా ఉద్దేశం."

"ముందు గదిలోకి వెళ్ళండి అంటే ఎటు వెళ్తారు మీరు?"

అతను ఆలోచించాడు. ఏడేళ్ళుగా ఈ పేజీలు రాస్తున్నాడు. ముందు అనే మాట రెండు వైపులా చూస్తుందని అతనికెప్పుడూ తట్టలేదు. మొత్తం పేజీలో ఆ మాట పదకొండు చోట్ల ఉంది. పదకొండూ కొట్టేశాడు.

అసలు చిక్కు మూడోరోజు వచ్చింది. ఆవిడ తెర మీది ఇంటి వంటింట్లో ఉంది. తలుపు మీద గుర్తుని ఎంచుకుని ఎంటర్ నొక్కి, పక్కనున్న సామాన్ల గదిలోకి వెళ్ళింది. అక్కడ చూసేదేమీ లేక, కాగితంలో ఉన్నట్టే "వెనకటి చిత్రం" నొక్కింది. మేడ మీద స్నానాల గది వచ్చింది. తప్పు నొక్కానేమో అనుకుని మొదట్నుంచీ మళ్ళీ చేసింది. మళ్ళీ స్నానాల గదే.

"అల్లుడుగారూ, ఈ ఇంట్లో వాళ్ళు ఎలా కాపురం చేశారో నాకు అర్థం కావట్లేదు," అంది.

అతను వచ్చి చూశాడు. "వెనకటిదంటే వరసలో వెనకది, అత్తయ్యగారూ. సామాన్ల గది ఇరవై రెండు. స్నానాల గది ఇరవై ఒకటి."

"ఎవరి వరస?"

"ఫోటోలు తీసినాయనది."

"ఇల్లు కొనేది ఆయన కాదుగా."

"కాదు."

"మరి నేను వచ్చిన దారిన వెనక్కి పోవాలంటే ఏది నొక్కాలి?"

అతను ఇరవై మూడు షార్ట్‌కట్లూ పైనుంచి కిందికి చదివాడు. కిందినుంచి పైకి చదివాడు. అలాంటిది లేదు.

ప్రోగ్రామరుకి మెయిల్ రాశాడు. ఆ ప్రోగ్రామరుని ఆఫీసులో అందరూ గురువు అంటారు. ఎవరేమడిగినా "అది అలాగే ఉండాలి" అని జవాబిస్తాడు కనక. ఈసారి కూడా అదే రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: "దీని మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు."

అల్లుడు ఆ మెయిల్ ఆవిడకి చదివి వినిపించాడు.

"నేను కుట్టిన జాకెట్టు బిగుతైతే ఎవరూ ఫిర్యాదు రాయలేదు," అంది ఆవిడ. "ఇంకో షాపుకి వెళ్ళారు. ఆయన్ని ఒకసారి మాట్లాడమనండి."

శుక్రవారం పదకొండింటికి వీడియో కాల్ పెట్టారు. గురువు వివరంగా చెప్పాడు. వరస అన్నాక మారకూడదన్నాడు. వరసే లేకపోతే వాడేవాళ్ళు అయోమయంలో పడతారన్నాడు. ఆవిడ అడ్డురాకుండా అంతా విన్నది. కట్టు ఉన్న చెయ్యి బల్ల మీద పెట్టుకుని అడిగింది.

"బాబూ, మీరిప్పుడు ఎక్కడున్నారు?"

"నా సీట్లోనండీ."

"మంచినీళ్ళు ఎక్కడుంటాయి?"

"కారిడార్ చివర."

"ఒక్కసారి వెళ్ళి తాగిరండి."

గురువు అల్లుడి వంక చూశాడు. అల్లుడు తన కీబోర్డు వంక చూసుకున్నాడు. గురువు లేచి వెళ్ళాడు. తెర మీద ఖాళీ కుర్చీ కాసేపు మెల్లగా తిరిగి ఆగింది. రెండు నిమిషాలకి అతను గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"వచ్చేటప్పుడు ఏ దారిన వచ్చారు?"

"వెళ్ళిన దారినే."

గురువు గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగాడు. "బ్యాక్‌స్పేస్ బటన్ ఖాళీగా ఉంది," అన్నాడు చివరికి. "దానికి పెడతాను."

పది రోజుల్లో పెట్టాడు. ఆవిడ పరీక్షించింది. సామాన్ల గది నుంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి గేటు దగ్గరికి సాఫీగా వచ్చింది. ఇంకోసారి నొక్కింది. తెరంతా బూడిద రంగైపోయింది.

"గేటు దాటేసి ఎక్కడో పడ్డాం," అంది. గురువు అది కూడా సరిచేశాడు. ఈసారి ఏమీ వాదించలేదు.

ఆ సాయంత్రం కూతురు ఇంటికొచ్చేసరికి లోపల్నుంచి గొంతులు వినబడ్డాయి. హోమ్ బటన్ నొక్కితే గేటు దగ్గరికి వెళ్ళాలని తల్లి అంటోంది. ఎవరైనా ముందు చూసేది హాలేనని భర్త అంటున్నాడు.

"గేటు చూడకుండా హాల్లోకి ఎలా వస్తారండీ, కిటికీలోంచా?"

"అత్తయ్యగారూ, గేటులో చూడ్డానికి ఏముంది?"

"మీకు లేదు. కొనేవాళ్ళకి ఉంటుంది."

కూతురు భుజాన సంచీతో గుమ్మంలోనే నిలబడింది. "ఏమైంది?" అని అడిగింది. ఇద్దరూ తలతిప్పి, "ఏం లేదు," అని మళ్ళీ తెర వైపు తిరిగారు. కూతురికి ఏం చెయ్యాలో తోచలేదు. అందించాల్సిన మాట ఎవరి దగ్గరా లేదు. వెళ్ళి కాళ్ళు కడుక్కుని టీ పెట్టుకుంది. ముగ్గురికీ పెట్టాలని తర్వాత గుర్తొచ్చింది.

ఆరో వారం కట్టు తీశారు. చెయ్యి సన్నబడి, పాలిపోయి ఉంది. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. అల్లుడే బస్సు దాకా దింపాడు. బస్సు కదిలేముందు ఆవిడ కిటికీలోంచి, "మీరు కోపిష్ఠి అనుకునేదాన్ని," అంది. "నేనూ అలాగే అనుకున్నానండీ," అన్నాడు అతను. మీ గురించి అని చేర్చాలని తట్టేలోపు బస్సు కదిలిపోయింది.

ఆ ఆదివారం అతని ఫోన్ మోగింది. భార్య తెర మీది పేరు చూసి చెయ్యి చాపింది.

"అమ్మ. నాకేగా?"

అతను ఎత్తి విన్నాడు. "కాదంట," అన్నాడు.

షాపు తెరిచిందట. కత్తెర మీద పట్టు ఇంకా పూర్తిగా బిగుసుకోవట్లేదట, గుండీలు మాత్రం కుట్టగలుగుతోందట. అది చెప్పి, చెయ్యి ఎంతసేపు వేడినీళ్ళలో పెట్టమన్నారని అడిగింది. అతను డాక్టరు చీటీ వెతకడానికి బల్ల సొరుగు లాగాడు. పక్కనే ల్యాబు ఉద్యోగి అయిన భార్య, పదిహేను నిమిషాలని చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.