క్లచ్చి తొక్కే కాలు

"క్లచ్చికి గట్టి స్ప్రింగులే వెయ్యి మస్తానయ్యా. రేసు బండి అది. మగాడు తొక్కాల్సిన బండి."

వరండాలోంచి భర్త పరంజ్యోతి మాట వినబడేసరికి ఎలిశబెతు బావి గట్టు దగ్గర అతని పాంటుకంటిన గ్రీజు మరకని కిరసనాయిలుతో రుద్దుతోంది. అప్పటికే పొయ్యి రాజేసి, అత్త రెబెక్కమ్మకి వేణ్ణీళ్లు పెట్టి, భర్త మోకాలికి కాపడం పెట్టింది. ఇంకో గంటలో తను నర్సుగా పనిచేసే ప్రసూతి కేంద్రంలో ఉండాలి. కారు విప్పి పెట్టిన తన షెడ్డుకి పరంజ్యోతిని తీసుకెళ్లడానికి వచ్చిన మెకానిక్కు మస్తానయ్య ఏదో నసిగాడు. ఆమె రుద్దడం ఆపి విన్నది. గట్టి స్ప్రింగులంటే ఏమిటో ఆ ఇంట్లో ఆమె కాలికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

గూడూరు అవతల మైకా గనిలో పరంజ్యోతి పెద్ద గుమాస్తాగా ఉండేవాడు. గని దొర దేశం వదిలి పోతూ తన పాత ఎంజీ కంపెనీ రేసు కారుని అతనికి ఇచ్చిపోయాడు. రెండే సీట్లు, గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. ప్రతి ఆదివారం పరంజ్యోతి దొరలా టోపీ పెట్టుకుని చర్చికి దాన్లోనే వెళ్లేవాడు. మూడేళ్ల కిందట గని మెట్ల మీద పడ్డాక ఎడమ మోకాలు వంగడం మానేసింది. ఉద్యోగం పోయి నెల్లూరు చేరారు. వేరే డ్రైవరు చెయ్యి పడితే కారు పాడైపోతుందని పెళ్లానికే నేర్పాడు. పెళ్లాం చెయ్యి వేరే చెయ్యి కిందికి రాదు కాబోలు. మైపాడు దారిలో ఎనిమిది రోజులు అరుస్తూ నేర్పించాడు. తొమ్మిదో రోజునుంచి ఆమె అదే దారిన కాన్పులకు వెళ్లడం మొదలుపెట్టింది.

"పరంజ్యోతి గారు ధర్మాత్ములు, నర్సమ్మకి కారిచ్చి పంపిస్తుండారు" అనేవాళ్లు ఊళ్లలో. "మొగుడి కారెక్కి ఊరేగతా ఉండాది" అనేది రెబెక్కమ్మ. ఆ కారు తుడిచేది, రేడియేటరులో నీళ్లు పోసేది, చలికాలం పొద్దున హాండిలు తిప్పి లేపేది ఎవరో ఎవరూ అడగలేదు.

పోయిన నెల ఒక శుక్రవారం మధ్యాహ్నం పల్లెపాలెం నుంచి ఒకతను సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. భార్య చెంచులక్ష్మికి తొలి కాన్పు, బిడ్డ ఎదురుకాళ్లతో ఉందన్నాడు. ఎలిశబెతు సంచీ పట్టుకుని బయల్దేరింది. కాలవ వంతెన ఎక్కేచోట ఇంజను గొంతు చించుకుని అరిచింది గాని క్లచ్చి జారి బండి ముందుకు పోలేదు. కాలిన వాసన గుప్పుమంది. ఆమె కారు అక్కడే వదిలేసి రెండు మైళ్లు ఎండలో, ఇసకలో నడిచి, పరిగెత్తి వెళ్లింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ సాయంత్రం పరంజ్యోతి ఒకటే మాట అన్నాడు. "క్లచ్చి మీద కాలు ఆనించి నడపబాక అని ఎన్నిసార్లు చెప్పినా. కాల్చేసినావు. ఆ బిడ్డ ఉసురు నీకే తగులుద్ది."

ఆమె నమ్మింది. మర్నాడు పల్లెపాలెం వెళ్లి, చెంచులక్ష్మి మంచం పక్కన కూర్చుని, నాకు బండి నడపడం చేతకాక ఇట్లా అయింది, క్షమించమని అడిగింది. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నెల రోజులు ఎలిశబెతు తన ఎడమకాలిని పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. అన్నం వండుతున్నా, చర్చిలో మోకరించినా, ఆ కాలు ఎప్పుడు ఆనించానా అని వెనక్కి వెనక్కి వెతుక్కునేది. దొరికేది కాదు. దొరక్కపోయినా తప్పు తనదేననుకునేది, ఇంట్లో అన్నిటికీ అలవాటైనట్టే.

ఇప్పుడు చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చింది. "షెడ్డుకి నేనూ వస్తా" అంది.

"నీకెందుకు?" అన్నాడు పరంజ్యోతి. ఆమె బదులు చెప్పకుండా చెప్పులేసుకుంది.

ట్రంకు రోడ్డు పక్కన మస్తానయ్య షెడ్డులో కారు కడుపు విప్పి ఉంది. అతను బల్ల మీద ఒక ప్లేటు పెట్టాడు. "ఇది పాత కొలతదే, గట్టి స్ప్రింగులతో వస్తది. సార్ అడిగింది ఇదే. ఇంకోటి మద్రాసు నుంచి తెప్పించాల. ఇదే కంపెనీవాళ్లు తరవాత చేసిన కార్లలోది. ప్లేటు ముక్కాలంగుళం పెద్దది. దానికి తగ్గట్టు ప్లేటు ఆనే చక్రం, ఫ్లైవీలు, మార్చాల. ప్లేటు పెద్దదైతే పట్టు దానికదే వస్తది, స్ప్రింగులు అంత బిగువుండక్కర్లా."

"ఏది జారదు?"

"రెండూ జారవమ్మా. తొక్కే కాలుకే తేడా."

కాలిపోయిన పాత ప్లేటు ఒక మూల పడి ఉంది. ఎలిశబెతు దాన్ని చేతిలోకి తీసుకుంది. నెల రోజులుగా అడగలేకపోయిన మాట అప్పుడడిగింది. "ఇది నేను కాలు ఆనించినందుకే కాలిందా అన్నా?"

మస్తానయ్య ప్లేటు మీద వేలు రాసి చూపించాడు. నల్లటి జిడ్డు. "కాలు ఆనిస్తే అరుగుతది గాని ఇట్టా తడవదమ్మా. ఇంజను వెనకాల నుంచి నూనె కారి దీనిమీద పడింది. పోయినేడే సారుకి చెప్పినా. తరవాత చూద్దాంలే అన్నాడు."

పరంజ్యోతి తన చేతికర్ర చివర వంక చూస్తున్నాడు. "అదంతా ఇప్పుడెందుకు? గట్టిదే వెయ్యి."

ఆమెకి కోపం రాలేదు. ముందు ఒళ్లంతా తేలికైంది, ఆ తర్వాత చల్లబడింది. ఏడాది. తెలిసీ ఏడాది నుంచి తనని ఆ బండిలో పంపాడు. బిడ్డ పోయిన రోజు కూడా అతనికి తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు.

షెడ్డులో అలాంటి గట్టి స్ప్రింగులే వేసిన ఒక వాను ఉంటే, ఎక్కి క్లచ్చి తొక్కింది. తొడ వణికింది. మూడోసారికి పెడలు సగంలోనే ఆగిపోయింది. దిగి భర్తతో అంది, "మీరొకసారి తొక్కండి."

అతను కదల్లేదు. "నేను తొక్కకపోతే ఏం? బండి ఇంట్లో ఉంటది. దొర బండి. అది ఉంటే చాలు నాకు."

అతనికి కావలసిందేమిటో ఆమెకి అప్పుడర్థమైంది. తాను నడపలేని బండిని ఆమె కూడా నడపకూడదు.

"పెద్ద ప్లేటే తెప్పియ్యన్నా" అంది. "ముందు ఆ నూనె కారకుండా చెయ్యి."

మస్తానయ్య పరంజ్యోతి వైపు తిరిగాడు.

"ఆయన వంక చూడబాక. తొక్కేది నేను."

"ఎవరి కారనుకుంటుండావు?" పరంజ్యోతి గొంతు పెంచాడు.

"కారు మీదే. కాలు నాది. గట్టిదే కావాలంటే వేయించుకోండి. నేను బస్సులో పోతా. ఆదివారం మిమ్మల్ని చర్చికి తీసకపోయేవాళ్లని మీరు చూసుకోండి."

పరంజ్యోతి కర్ర ఊనుకుంటూ బయటికి నడిచాడు. మస్తానయ్య పెన్సిలు తీసుకుని మద్రాసుకి పంపాల్సిన కొలతలు రాసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు జట్కాలో ఆమే మాట్లాడింది. "నూనె సంగతి చెంచులక్ష్మికి చెప్తా."

"ఇంటి గుట్టు బయట పెడతావా?"

"ఆమె బిడ్డ పొయ్యింది. ఆమెకి చెప్తా."

మూడు వారాలకి ప్లేటు వచ్చింది. బిగించిన రోజు మస్తానయ్య కారు వాకిట్లో పెట్టి పోయాడు. ఎలిశబెతు తొక్కి చూసింది. పెడలు నేలదాకా దిగింది, కాలు వెంటే మెత్తగా లేచింది. రెబెక్కమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఎవురు పిలిచినారని పోతుండావు?" అంది.

"ఎవురూ పిలవలా అత్తా. నేనే పోతుండా."

కాలవ వంతెన మీద బండి తొణక్కుండా ఎక్కి దిగింది. పల్లెపాలెంలో చెంచులక్ష్మి ఇంటిముందు వల బాగుచేస్తోంది. ఎలిశబెతు ఆమె ఎదుట ఇసకలో కూర్చుని, నూనె కారడం, ఏడాది ముందే మస్తానయ్య చెప్పడం, తన ఇంట్లో ఆ మాట ఎవరు దాచారో, ఒక్కటీ వదలకుండా చెప్పింది.

చెంచులక్ష్మి చేతిలో దారం ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి మెల్లగా అంది. "ఆ పొద్దు నువ్వు కాళ్లు బొబ్బలెక్కి వచ్చినావు. నేనైతే నిన్నొక్క మాట అనలా నర్సమ్మా."

"నువ్వనలా. నేనే అనుకున్నా" అంది ఎలిశబెతు. "ఇంక అనుకోను."