నేను దాటేసిన వచనాలు

మా అత్తయ్యకి వాక్యం చదివి వినిపించేది నేను. ఈ ఇంట్లో ఆ పని నాది. ముందే చెప్తున్నా, ఎందుకంటే తోడికోడలు వచ్చాక ఏది ఎవరిదో నోరు విప్పి చెప్పుకోవాల్సిన గతి పట్టింది నాకు.

మాది బట్టలు కుట్టే ఇల్లు. ముందు గదిలో రెండు మిషన్లు, కటింగ్ బల్ల, గోడకి నిలువుటద్దం. ఒకప్పుడు కుట్టేది అత్తయ్యే, నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. చూపు పూర్తిగా పోయాక ఆవిడ కిటికీ పక్కన కూర్చుని తడుముకుంటూ బొత్తాలు కుడుతుంది. సూదుల్లో దారం ఎక్కించి వరసగా దిండుకి గుచ్చిపెట్టేది నేను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్లు ఆపి, పక్కన కూర్చుని బైబిల్ చదివేదీ నేనే.

చదవడంలో నాకో పద్ధతుంది. చీకటి అన్న మాట కనిపిస్తే చాలు, దాటేస్తాను. చీకట్లో నడిచేవాడు, చీకట్లో కూర్చున్న జనం, అవన్నీ ఆవిడ ముందు చదవాలా? పుండు మీద కారం చల్లినట్టు కాదూ! వెలుగున్న ముక్క చదువుతాను, చీకటి రాగానే ఎగిరి కింది వచనం మీద వాలతాను. కుట్టు ఎక్కడా కనబడకుండా అతికేస్తాను. సృష్టి కూడా మా ఇంట్లో తిన్నగా వెలుగుతోనే మొదలవుతుంది. పాస్టరుగారు వింటే ఏమనేవారో గానీ, అత్తయ్య ఏనాడూ ఏమీ అనలేదు.

ఇలా ఉండగా మా మరిది పెళ్ళి చేసుకుని ఆ మహాతల్లిని తీసుకొచ్చాడు. అందరూ దాన్ని బుల్లి అంటారు. మనిషేమో నాకంటే జానెడు పొడుగు. అది గడప తొక్కిందో లేదో, అత్తయ్యకి అన్నీ అదే. నేను టీ ఇస్తే "బాగుంది", అది ఇస్తే "అబ్బా, ప్రాణం లేచొచ్చిందే". చర్చికి వెళ్ళేటప్పుడు ఇన్నేళ్ళూ నా మోచెయ్యి పట్టుకున్న మనిషి, ఇప్పుడు దాని భుజం మీద చెయ్యేసి నవ్వుకుంటూ నడుస్తుంది. వెనకాల గొడుగు మోసుకుంటూ నేను. కడుపు మండదూ? మా ఆయనతో చెప్తే "చిన్నపిల్ల, పోనీలే" అన్నాడు. ఆయనకీ చిన్నపిల్లే! సరే, చదవడమొక్కటి నా చేతిలో ఉంది కదా అని సరిపెట్టుకున్నాను. అదీ పోతే ఈ ఇంట్లో నేనూ ఆ మిషనూ ఒకటే.

మొన్న కీర్తనల్లో ఉన్నాం. దేవుణ్ణుంచి మనిషి ఎక్కడికి పారిపోగలడు అని ఒక భక్తుడు పాడేది. సముద్రం అవతలికి పోయినా నీ చెయ్యి నన్ను పట్టుకుంటుంది అన్నంతవరకు వచ్చాను. సరిగ్గా అప్పుడే స్కూలు టీచరమ్మ కొత్త గౌను సరిచూసుకోవడానికి దిగబడింది.

"బుల్లీ, ఇక్కణ్ణుంచి చదువు" అని వేలితో చూపించి లేచాను. తర్వాతి వచనం ఏమిటో చూసుకోలేదు. ఏళ్ళ తరబడి దాటేసి దాటేసి, అక్కడో వచనం ఉందన్న సంగతే మర్చిపోయాను.

టీచరమ్మ నడుం దగ్గర గౌను బిగిస్తూ, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నాను. బుల్లి చదివేస్తోంది. చీకటి నన్ను కప్పేస్తుందని నేననుకున్నా సరే, నీకది చీకటే కాదు, రాత్రి కూడా పగలులాగే వెలుగుతుంది, నీకు రెండూ ఒకటే అని. ఓరి దేవుడోయ్ అనుకున్నాను. నోటి నిండా సూదులు, అరవడానికి లేదు.

అత్తయ్య చేతిలో బొత్తాం ఆగిపోయింది. "మళ్ళీ చదువమ్మా" అంది.

మళ్ళీ! నాతో ఏ రోజూ అనలేదా మాట. అది మళ్ళీ చదివింది. అప్పుడు చూడాలి అత్తయ్య ముఖం. ఇన్నేళ్ళు వెలుగు వెలుగు అని గొంతు చించుకున్న నాకు ఆ ముఖం ఒక్కసారి చూపించలేదు. కుళ్ళు అంటారో, అసూయ అంటారో, ఏదైనా అనుకోండి, నిలువునా రగిలిపోయాను. సూదులు అరచేతిలోకి ఊసి, వెళ్ళి దాని చేతిలోంచి బైబిల్ లాక్కున్నాను.

"బుద్ధుందా నీకు? గుడ్డిమనిషి ముందు చదివే మాటలేనా అవి?"

నోరు జారింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. అనకూడదని కట్టడి చేసిందే నేను. టీచరమ్మ గబుక్కున అద్దం వైపు తిరిగింది. బుల్లి బిక్కచచ్చిపోయి, "నాకేం తెలుసక్కా, ఉన్నదే చదివాను" అంది.

"దాన్నేం అనకే" అంది అత్తయ్య. గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు దాటేసేవన్నీ నాకు తెలుసు. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టినవే. గెంతే ముందు ఊపిరి గట్టిగా పీలుస్తావు నువ్వు."

"మరి అడగొచ్చు కదా అత్తయ్యా!"

"భయపడుతున్నావు కదే. భయపడేదాన్ని పట్టుకుని ఏం అడగను?" బొత్తాం తడిమి బల్ల మీద పెట్టింది. "రోజూ వెలుగంతా ఏరి ఏరి చదివి, నీ మిషన్ దగ్గరికి నువ్వు వెళ్ళిపోయేదానివి. నేను ఇక్కడే చీకట్లో ఉండేదాన్ని. ఈ చీకట్లో కూడా నేను ఆయనకి కనబడతానని ఉంది చూడూ, అది ఇవాళైనా చదువుతావేమోనని ప్రతి మధ్యాహ్నం కాచుకుని కూర్చునేదాన్ని. బుల్లి చదివింది, సంతోషమే. కానీ నేను వినాలనుకున్నది నీ నోట."

ఏది నా నుంచి పోతోందని నెలల తరబడి కుళ్ళి ఏడ్చానో, అది నా కోసమే కాచుకుని ఉందట. వెనక బుల్లి ముక్కు ఎగబీల్చింది. ఆ ఏడ్చేదేదో నాకంటే ముందు అదే ఏడవాలా!

కూర్చుని పేజీ తీశాను. అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. రెప్పలు ఎంత తుడుచుకున్నా ఒక్క ముక్క కంటికి ఆనలేదు.

"కనబడట్లేదు అత్తయ్యా" అన్నాను.

"పర్లేదే" అంది ఆవిడ. "నేను చెప్తాను, నువ్వు అను."