చూద్దాంగారి సంతకం

ఆరోగ్య శాఖలో ఆమె పని వినడానికి తేలికే. డాక్టర్లు ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు చదివి, వాటి సారాన్ని పైవాళ్లకు అర్థమయ్యే మాటల్లో రెండు పేజీలకు కుదించాలి. నిర్ణయం తీసుకునేది కమిటీ. ఆ కమిటీకి పెద్ద అయిన అధికారిని ఆఫీసులో అందరూ వెనకాల చూద్దాంగారు అనేవారు. ఏ కాగితం పెట్టినా ఆయన నోట వచ్చే మొదటి మాటా అదే, చివరి మాటా అదే.

ఆ ఏడు ఆమె భుజాన వేసుకున్నది కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం సంగతి. దాన్ని అదుపు చేసే ఇంజెక్షన్ ఉంది. డాక్టర్ కోసం ఆగకుండా నర్సే ఇచ్చేస్తే ఎందరో తల్లులు బతుకుతారని చాలా ఆసుపత్రుల్లో తేలింది. నిబంధన మాత్రం డాక్టర్ చెప్పందే నర్సు దాన్ని ముట్టకూడదంటుంది.

ఆమె చెల్లెలు దూరాన ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. ఫోన్ చేసినప్పుడల్లా, "ఏమైందక్కా, మీ చూద్దాంగారు చూశారా?" అని అడిగేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

కమిటీ మీనమేషాలు లెక్కపెడుతూనే ఉంది. ఇది మన దగ్గర చేసిన పరిశోధన కాదుగా అన్నారు. మన దగ్గర చేసింది వెతికి తెస్తే, నర్సుల చేతికిస్తే ఇష్టమొచ్చినట్టు వాడేయరా అన్నారు. దానికీ జవాబు రాసుకెళ్తే వాయిదా వేశారు.

వానాకాలంలో ఒక సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. ఆగి ఆగి చెప్పింది. తొలి కాన్పు. పాప బాగానే పుట్టింది. తల్లికి రక్తం ఆగలేదు. డాక్టర్ వేరేచోట ఆపరేషన్‌లో ఉండి ఫోన్ ఎత్తలేదు. ఆ తల్లి దక్కలేదు.

"ఇంజెక్షన్ అల్మరాలోనే ఉందక్కా. తాళంచెవి నా జేబులోనే ఉంది. ఎత్తుతారేమో, ఎత్తుతారేమో అని ఫోన్ చేస్తూ నిలబడిపోయాను."



తర్వాతి సమావేశంలో ఆమె అంకెల జోలికి పోలేదు. ఆ తల్లి సంగతి చెప్పింది. నర్సు తన చెల్లెలని మాత్రం చెప్పలేదు. చూద్దాంగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన కూతురికి నెలలు నిండాయట.

"ఇంత ఘోరం జరుగుతుంటే ముందే చెప్పొద్దామ్మా?" అంటూ అక్కడికక్కడే సంతకం పెట్టారు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ముందే చెప్పింది. నెలల తరబడి చెప్పింది. ఆ అంకెల్లో ఉన్నవాళ్లంతా ఇలాంటి తల్లులే. ఆ మాట పెదాల దాకా వచ్చినా మింగేసింది, పెట్టిన సంతకం ఎక్కడ వెనక్కి పోతుందోనని.

ఉత్తర్వు చేరాక చెల్లెలికి ఫోన్ చేసింది. కాన్పుల గది గోడకు అంటించారట. తాను ఆ గదిలో పని మానుకుందట. ఇప్పుడు టీకాలు వేసే చోట ఉంటోందట.

"ఆ పాపని వాళ్ల నానమ్మ నా దగ్గరికే తీసుకొస్తోందక్కా," అంది చెల్లెలు. "ఆ రోజు నువ్వు చాలా కష్టపడ్డావమ్మా, చల్లగా ఉండు అంటుంది. నేను తల ఊపుతాను."