గేటుకు అడ్డంగా ఓ మడి

“ఇంట్లనే ఇన్ని కాస్తుంటే అంగడికి ఎందుకు పోవుడు?” అన్నాడు రూపేష్, భార్య వైశాలి చేతిలోని సంచి అందుకుని తలుపు వెనక మేకుకు తగిలిస్తూ. కోపంగా అనలేదు. అతను ఏదీ కోపంగా అనడు. వైశాలి నవ్వి, చెప్పులు విడిచి, బెండకాయలు కోయడానికి పెరట్లోకి వెళ్ళింది. ఆ వారం అంగడికి వెళ్ళలేదు. ఆ తర్వాత ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

తాండూరులో వాళ్ళది పప్పుల దుకాణం. ముందు దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరటి గోడకు చిన్న ఇనుప గేటు. గేటు తీస్తే సందు, సందు దాటితే స్టేషన్ రోడ్డు. ఇంటి ఆడవాళ్ళు దుకాణంలోంచి రాకపోకలు చెయ్యకూడదన్నది మామగారు దశరథం పెట్టిన కట్టుబాటు. ఆయన పోయినా కట్టుబాటు పోలేదు. గిరాకీల ముందు నుంచి ఇంటి కోడలు నడిచిపోతే బాగుండదని రూపేష్ కూడా అంటాడు. అందుకని వైశాలికి ఊరంటే ఆ వెనక గేటే.

కూతురు నిఖిల పుట్టాక ఆమె బడిలో లెక్కల టీచరు పని మానేసింది. మానేశాక పగళ్ళు పొడుగైపోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతుంటే, రూపేష్ బాలస్వామి మేస్త్రిని పిలిపించి నాపబండలు నిలబెట్టించి రెండు మడులు కట్టించాడు. మోకాలెత్తున ఎర్రమట్టి, పేడ ఎరువు నింపించాడు. మెంతి విత్తనాలు చల్లిన నాలుగో రోజు మట్టి పగిలి పచ్చటి చుక్కలు కనిపిస్తే, ఆమె అక్కడే కూర్చుని చాలాసేపు చూసింది. ఆ సంతోషం అబద్ధం కాదు. ఇప్పటికీ ఆమెను కలవరపెట్టేది అదే, ఆ సంతోషం అబద్ధం కాకపోవడం. తర్వాత పాలకూరకు ఒకటి, టమాటాలకు ఒకటి, పుంటికూరకు ఒకటి. “నీ నడుం నొయ్యద్దు” అంటూ ప్రతిసారీ మడి ఎత్తు కొంచెం పెంచేవాడు. అతను దుకాణానికి వచ్చిన వాళ్ళకు ఫోన్లో ఫొటోలు చూపించేవాడు. “నాలుగు కట్టలు కొత్తిమీర కట్టియ్యి, గులాం నబీ సేటు ఇంటికి పంపాలె” అని లోపలికి కేకేసేవాడు. తెల్లవారుజామున లేచి కోసేది, కడిగేది, కట్టలు కట్టేది ఆమె. ఇంటింటికీ చేరేది అతని మంచితనం.

పెద్దేముల్లో అమ్మకు కంటి ఆపరేషనైతే వైశాలి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. “ఎండలు మండుతున్నయ్. నువ్వు రెండు దినాలుంటే మొక్కలకు నీళ్ళెవరు పోస్తరు?” అన్నాడు రూపేష్. నిజమే కదా అనుకుంది. మొన్న నిఖిల బడిలో వార్షికోత్సవం వచ్చింది. ఏ చీర కట్టుకోవాలా అని ఆమె ఆలోచిస్తుంటే, “నువ్వు రావులే అమ్మా, మొక్కలున్నయ్ గదా” అంది నిఖిల జడ వేసుకుంటూ. పిల్ల గొంతులో అలక లేదు, అడగడం కూడా లేదు. గోడ మీద గడియారం ఉంది అన్నంత మామూలుగా చెప్పింది.

ఆ వారంలోనే అశ్విని ఫోన్ చేసింది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే బడిలో చెప్పేవాళ్ళు. అశ్విని ఇప్పుడు వికారాబాద్‌లో ఒక బడికి హెడ్మిస్ట్రెస్. “లెక్కలకు మనిషి కావాలె. సోమవారం వచ్చి చేరు. పొద్దుగాల రైలుంటది, సాయంత్రానికి ఇంట్ల ఉంటవ్” అంది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ వైశాలి ఆ మాట చెప్పింది. రూపేష్ మజ్జిగ కలుపుకుంటూ విన్నాడు. “మంచిదే. చూద్దాం తియ్యి” అన్నాడు. నవ్వాడు కూడా.

మర్నాడు సందులో ట్రాలీ ఆగిన చప్పుడు, బండలు ఒకదాని మీద ఒకటి పడిన చప్పుడు. బాలస్వామి వాటిని ఒక్కొక్కటే లోపలికి మోయించి, గేటుకు అడ్డంగా నిలబెడుతున్నాడు. ఈసారి బండలు ఆమె ఛాతీ ఎత్తు ఉన్నాయి.

“గేటెట్ల తెరుచుకుంటది బాలస్వామీ?”

“తెరుచుకోదమ్మా. సేటు గిక్కడనే కట్టమన్నడు. ఆ గేటు ఎవ్వరు వాడ్తలేరంట గదా.”

ఎవ్వరూ వాడటం లేదు. వైశాలి గడియ వైపు చూసింది. తుప్పు పట్టి ఉంది. పెరట్లో మడుల మధ్య నడవడానికి తను ఎప్పటినుంచో పక్కకు తిరిగి నడుస్తోందని కూడా అప్పుడే గమనించింది. రూపేష్‌ను అడిగితే, “సందుల దొంగలు తిరుగుతున్నరు. నీ ఫికరే నాకు” అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఎక్కడా సందు దొరకలేదు.

ఆదివారం మట్టి నింపారు. అత్త కౌసల్యమ్మ వంటింటి గడప మీద కూర్చుని పుంటికూర ఒలుస్తూ అదంతా చూసింది. ఆమె ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. కూలీలు వెళ్ళిపోయాక, తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

“మీ మామ నాకు బర్రెను కొనిచ్చిండు. నేను మస్తు సంబరపడ్డ. అమ్మగారింటికి పోత అంటే పాలెవరు పిండుతరు అనెటోడు. అది సచ్చిన వారానికే ఇంకోటి తెచ్చిండు.”

వైశాలి చేతిలో చెంబు కింద పెట్టింది. “అది గూడ సచ్చినంక అమ్మగారింటికి పోయిండ్రా అత్తమ్మా?”

“లేదు బిడ్డా. అప్పటికి నాకే యాడికీ పోబుద్ధి కాకపాయె.”

కాడలు ఒక పక్కకు, ఆకులు ఒక పక్కకు పడుతున్నాయి. ముసలామె గొంతు మరీ తగ్గించింది. “నువ్వు పోతే నేను నీళ్ళు పొయ్యను. ముందే చెప్తున్న. నేను పోసిననుకో, మా అత్త చూస్కుంటది అని నువ్వు పోతవ్. నేను మంచాన పడ్డ దినం నిన్ను మళ్ళ వాటి కాడ నిలబెడ్తడు. ఎండిపోతే ఎండిపోనియ్యి.”

సోమవారం పొద్దున వైశాలి నిఖిలకు డబ్బా కట్టి బడికి తయారు చెయ్యమని అత్తకు చెప్పింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. పెరట్లో కొత్త మడి తడి మట్టి వాసన వేస్తోంది. అటు వెళ్ళకుండా, మధ్య గది దాటి, దుకాణం పరదా ముందు ఆగింది. పరదాకు అవతల త్రాసు చప్పుడు, మగవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. పరదా పక్కకు నెట్టింది.

మాటలు ఆగిపోయాయి. కందిపప్పు తూయించుకుంటున్న మనిషి సంచి మూతి పట్టుకుని అలాగే చూశాడు. వైశాలి బస్తాల మధ్య నుంచి మెట్ల వైపు నడిచింది. రూపేష్ గల్లా దగ్గర నుంచి లేచి, గిరాకీలకు నవ్వుతూనే ఆమె పక్కకు వచ్చాడు.

“యాడికి?”

“వికారాబాద్. బడిల చేరుతున్న.”

నవ్వు చెదరలేదు. ఆమెకు మాత్రమే వినిపించేలా వంగి, నెమ్మదిగా అడిగాడు. “వెనక గేటు మూతపడ్డది గదా. ఇగ రోజూ గిట్లనే, అందరి ముందట నుంచి పోతవా?”

“రోజూ” అంది వైశాలి, అందరికీ వినిపించేలా.