గాలి నీళ్ల సాక్ష్యం

జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడిన చేతులతోనే జీవరత్నమ్మ మిట్టమధ్యాహ్నం ఎండలో చర్చి ఆవరణలోకి వచ్చింది. పలాస షెడ్డులో సగం పూట కూలి వదులుకుని మరీ వచ్చింది. ఫోటోలవాళ్లు వస్తున్నారు, గాలి నీళ్ల మిషను చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలని పాస్టరు షాలేమ్ రాజు కబురంపాడు. ఆదివారం ఆరాధనలో ఆమె లేచి చెప్పిందంటే ఊరంతా నమ్ముతుంది.

చర్చి గోడ పక్కన బీరువా అంత మిషను. సముద్రపు గాలిలోని చెమ్మను పీల్చి నీళ్లు చేస్తుందట. నాలుగు నెలల కిందట ఏదో కంపెనీ పెట్టి, చూసుకునే పని కాంట్రాక్టరు గోవిందరావుకు అప్పగించింది. కిడ్నీలు పాడైన మొగుడు లాజరును బోరునీళ్లు ముట్టొద్దని విశాఖ డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఆమె రోజూ ఇక్కడే బిందె నింపుకెళ్లి అతనికి పోస్తోంది. ఆ నీళ్లు పిల్లల్ని కూడా ముట్టనివ్వలేదు. అయినా అతని కాళ్ల వాపు పెరిగింది. ప్రార్థన చాలలేదనుకుంది పిచ్చితల్లి.

చేతులు కడుక్కుందామని మిషను వెనక్కి వెళ్లింది. గోవిందరావు గొంతుక్కూర్చుని, బోరు నుంచి లాగిన ఆకుపచ్చ పైపును మిషను టాంకులో పెట్టి పట్టుకున్నాడు.

"ఏటిది బావూ?"

"కరెంటుంటే కదా ఇది గాలి పీల్సీది! టాంకు కాళీగా సూత్తే కంపెనీవోలు మిషనెత్తుకుపోతారు."

"ఎన్నాల్ల నుంచి?"

"మూడు నెల్లవుతాది." బీడీకి అగ్గిపెట్టె అడిగినంత తేలిగ్గా చెప్పాడు. "నువ్వు సాక్ష్యం సెప్పీ. లాజరుకి పలాస నుంచి రోజూ ఓ టిన్ను మంచినీల్లు నాను ఏయిత్తాను."

జీవరత్నమ్మ ఆ పైపు వంకే చూసింది. గుడ్డ కప్పి, మందులా మోసుకెళ్లి, తన చేతులతో మూడు నెలలు పోసింది ఈ పాడు నీళ్లనా! వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది. కానీ రోజూ ఓ టిన్ను మంచినీళ్లు. ఆ మాట కూడా చెవిలోంచి పోలేదు.

కంపెనీవాళ్ల జీపు వచ్చింది. లాజరును ఇంటి నుంచి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, వాపు కాళ్లు ఫోటోలో పడకుండా దుప్పటి కప్పారు. పాస్టరు ఆమె చేతికి మిషను నీళ్ల గ్లాసు ఇచ్చాడు.

"అబద్ధమెరుగని సహోదరి. చెప్పమ్మా, ప్రభువు చేసిన మేలు."

కెమెరా ఎత్తారు. ఆమె లాజరు వంక చూసింది. అతను నవ్వుతున్నాడు.

"పెబువు పేరెట్టి సెప్పమన్నారు కాబట్టి సెప్తన్నాను. ఇయ్యి గాలి నీల్లు కావు, బోరు నీల్లు. ఇప్పుడే నా కల్లతో సూసినాను. నా సేతుల్తోనే నా పెనివిటికి పోసినాను."

పాస్టరు తల దించుకున్నాడు. ఆమె గ్లాసును గోవిందరావు ముందుకు చాపింది.

"మంచియ్యైతే నువ్వొక గుక్క తాగు బావూ."

గోవిందరావు జీపు వైపు చూశాడు. అతని చంకలో టౌనులో కొన్న నీళ్ల సీసా ఉంది.

"ఒలే రత్నా," కుర్చీలోంచి లాజరు నీరసంగా పిలిచాడు, "దాహమేత్తందే."

ఆమె గ్లాసులో నీళ్లు గోవిందరావు కాళ్ల దగ్గర ఒంపేసింది. ఖాళీ గ్లాసును ఆ సీసా ముందు పట్టుకుని నిలబడింది.